సమాధి తెరవాల్సిన రోజు

నాయన చనిపోయిన మరునాడు పొద్దున, చిన్నాయన సమాధుల తోట ఆఫీసుకు వెళ్ళి వచ్చి, చెప్పులు విడవకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల అమ్మ కాఫీ గ్లాసులు కడుగుతోంది. చావింట్లో పొయ్యి వెలిగించొద్దని పక్కింటివాళ్ళు ఫ్లాస్కుల్లో కాఫీ తెచ్చారు. గ్లాసులు మాత్రం మావే.

"వదినా, నువ్వొచ్చి ఒగ సంతకం పెడితే చాలు. మధ్యాన్నం లోపల చెప్పేయాలంట. ఆ తర్వాతయితే సాయంత్రానికి గుంట తయారు కాదంట."

అమ్మ వెనక్కి తిరగలేదు.

"ఆ గుంట తెరవద్దు," అంది.

చిన్నాయన నా వైపు చూశాడు. నేను హాల్లోకి చూశాను. అక్కడ ఐసు పెట్టెలో నాయన ఉన్నాడు. దాని మోటారు కాసేపు మోగి ఆగుతోంది. ఆగినప్పుడల్లా కరెంటు పోయిందేమోనని అందరూ తలెత్తి చూస్తున్నారు.

మద్రాసులో మా క్రైస్తవుల సమాధుల తోటల్లో కొత్త చోటు దొరికి చాలా ఏళ్ళయింది. కుటుంబానికి ఒక గుంట ఉంటే దాన్నే మళ్ళీ తెరుస్తారు. ముందు పెట్టినవారి చెక్కపెట్టె అప్పటికి మట్టిలో కలిసిపోయి ఉంటుంది. మిగిలిన ఎముకలు ఏరి, తెల్లగుడ్డలో మూట కట్టి, అడుగున పెడతారు. కొత్త పెట్టె దాని మీద దించుతారు. రాయి అదే ఉంటుంది, దాని మీద ఒక పేరు పెరుగుతుంది. ఇందులో వింతేమీ లేదు మాకు. బతికున్నప్పుడు ఒక ఇంట్లో ఇమడని అత్తాకోడళ్ళు కూడా అక్కడ సర్దుకుపోతారని నవ్వుతూ అనుకుంటారు.

మా గుంట అమ్మ తండ్రి కొన్నది. ఆయన తర్వాత హక్కు అమ్మది. ఆమె ఒప్పుకోకపోతే అక్కడ ఎవరూ పార వెయ్యరు. అందులో బాగా లోతున తాతయ్య ఉన్నాడు. ఆయన పైన మా అన్న ఉన్నాడు. పదకొండేళ్ళ వయసులో పోయాడు. నేను వాడికంటే మూడేళ్ళు చిన్న.

ఆ గుంట కాదంటే నాయనను మాధవరం దాటి, ఇంకా చాలా దూరంలో కొత్తగా తెరిచిన తోటకు తీసుకుపోవాలి. అక్కడ మావాళ్ళెవరూ లేరు. చిన్నాయనకు అది సహించలేదు.

"ఇంత మంది సొంతవాళ్ళం ఉండి, అన్నని అనాథ మాదిరి ఆడ పారేసి వస్తామా వదినా?"

"పారేయడం ఏంది. పూడ్చి పెడతారు. ఆడా మట్టే, ఈడా మట్టే."

"మరి మట్టే అయితే ఈడ పెడితే ఏం?"

అమ్మ కడిగిన గ్లాసులనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

అన్న ఎలా పోయాడో చెబితేగాని ఆ ప్రశ్నకు జవాబు ఎందుకు రాలేదో అర్థం కాదు.

అప్పుడు మేము వ్యాసర్పాడిలో ఒక పాత మేడ రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. నాయన రైల్వే యార్డులో ఫిట్టరు. తాతల కాలం నుంచి మాది తెలుగు సంఘమే. కాని నాయన ఆ రోజుల్లో ఆ సంఘం గుడి వదిలిపెట్టి, మా వీధిలోనే ఒక మేడమీది హాల్లో జరిగే ప్రార్థనలకు పోవడం మొదలుపెట్టాడు. అక్కడివాళ్ళు మందులు వాడరు. తలనొప్పికి మాత్ర వేసుకుంటే విశ్వాసం తక్కువని లెక్క. ప్రతి ఆదివారం, స్వస్థత పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. ఒకరికి పక్షవాతం తగ్గింది. ఒకరికి కడుపులో గడ్డ కరిగింది. నాయనకు చెప్పడానికి ఏమీ లేదు. ఆయన ఆరోగ్యం మంచిది, మా ఆరోగ్యాలూ మంచివే. వారం వారం ఆయన అందరి సాక్ష్యాలకూ చప్పట్లు కొట్టి ఇంటికి వచ్చేవాడు. అలా చప్పట్లు కొట్టి రావడమే ఆయనను తినేసిందని నాకు చాలా తర్వాత అనిపించింది.

అన్నకు కడుపునొప్పి వచ్చింది. నాయన నూనె రాసి ప్రార్థన చేశాడు. అమ్మ ఆస్పత్రికి పోదామంది. నాయన తలుపుకు అడ్డంగా కూర్చుని, తనను దాటి పోతే దేవుణ్ణి దాటి పోయినట్టేనన్నాడు. ఆదివారం తెల్లవారేసరికి నొప్పి పోయింది. అన్న లేచి కూర్చుని ఇడ్లీ కావాలన్నాడు. నాయన వాడి చెయ్యి పట్టుకుని హాలుకు తీసుకుపోయి, అందరి ముందూ నిలబెట్టి సాక్ష్యం చెప్పాడు. కంజీరలు మోగాయి. నాయన ముఖంలో అంత సంతోషం నేను మళ్ళీ చూడలేదు.

సోమవారం పొద్దున అన్న లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది. కడుపు బిగుసుకుపోయింది. అమ్మ వాణ్ణి రెండు చేతుల మీదికి ఎత్తుకుంది. నాయన మంచం పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు, చేతిలో నూనె సీసాతో.

"పట్టుకోయ్యా," అంది అమ్మ.

ఆయన కళ్ళు తెరవలేదు.

"పట్టుకోయ్యా. నా ఒక్కదాని వల్ల కాలా."

ఆయన ప్రార్థన గొంతు పెంచాడు. అమ్మ ఒక్కతే వాణ్ణి మోసుకుంటూ మెట్లు దిగింది. మలుపు దగ్గర గోడకు ఆనుకుని ఒకసారి ఆగింది. నేను వెనకాల వాడి చెప్పులు పట్టుకుని దిగాను.

ఆస్పత్రిలో డాక్టరు అపెండిక్స్ పగిలిందని చెప్పాడు. పగిలినప్పుడు కాసేపు నొప్పి తగ్గినట్టే ఉంటుందట. చీకటి పడకముందే అన్న చనిపోయాడు.

నాయన ఆ హాలుకు మళ్ళీ పోలేదు. కొన్నాళ్ళకు పాత గుడికి వచ్చి వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. నెల మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల సిద్ధం చేసే సమయానికి లేచి బయటికి పోయి, సైకిళ్ళ దగ్గర నిలబడేవాడు. ఆయన్ను బల్లకు రావద్దని ఎవరూ అనలేదు. తనంతట తానే వెళ్ళేవాడు. ఇంట్లో ఆయన ప్రార్థన మళ్ళీ మాకు వినబడలేదు. అన్నం ముందు అమ్మే ప్రార్థన చెప్పేది.

మా సంఘంలో పెద్ద తప్పు చేసినవాళ్ళు బల్లకు తిరిగి రావాలంటే అందరి ముందూ ఒప్పుకోవాలి. ఆ తప్పు ఎవరికి తగిలిందో వాళ్ళు అక్కడే ఉంటే, వాళ్ళ మాట కూడా పాస్టరు అయ్యగారు అడుగుతారు. నేను స్కూలు ముగించిన సంవత్సరం నాయన అలా లేచి నిలబడ్డాడు. మందు ఇప్పించని సంగతి అందరికీ తెలుసు గనుక, అదే చెబుతాడనుకున్నాం. ఆయన చెప్పింది వేరే.

"ఆదివారం మధ్యాన్నమే నా బిడ్డ నాతో అన్నాడు, నాయనా మళ్ళా నొస్తా ఉండాది అని. వాళ్ళమ్మ కింద నీళ్ళకు పోయి ఉండాది. సాక్ష్యం చెప్పేసినాం గదా బిడ్డా, అమ్మతో అనొద్దు అన్నాను. వాడు అనలేదు."

గుడిలో ఆడవాళ్ళు కూర్చునే వైపు అందరి తలలూ అమ్మ మీదికి తిరిగాయి. ఆ మాట ఆమె కూడా అప్పుడే వింటోందని ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది. అప్పటి అయ్యగారు పెద్దమనిషి. "ఇంటికి పోయి నిదానంగా ఆలోచించుకోమ్మా, వచ్చే నెల చెబుదువుగాని," అన్నాడు.

అమ్మ లేచి నిలబడింది. "ఆలోచిస్తే చెప్పలేను అయ్యగారూ. ఇప్పుడే వినండి. క్షమించినాను."

ఆ రోజు ఆమె నాయన పక్కన నడిచి బల్ల దగ్గరికి వెళ్ళింది.  

ఇంటికి నడిచి వస్తుంటే, నాకు వినబడేట్టే ఆయనతో చెప్పింది. "నీ పక్కన బల్లకొస్తా. అన్నం పెడతా. కాళ్ళూ చేతులూ పడిపోతే ఎత్తి కూర్చోబెడతా. వాడి రాయి మీద మాత్రం నీ చెయ్యి పడకూడదు."

"సరి," అన్నాడు నాయన.

ఏటా నవంబరులో సమాధుల పండగకు ముందు మావాళ్ళు రాళ్ళకు సున్నం కొట్టి పూలు పెడతారు. మా ఇంట్లో సున్నం నానబెట్టేది నాయన. బకెట్టు మోసుకుని తోట గేటు దాకా వచ్చేదీ ఆయనే. అక్కడ ఆగి బకెట్టు నాకిచ్చి, పూలమ్మేవాళ్ళ పక్కన కూర్చునేవాడు. ఆ ఆడవాళ్ళు ఆయనను ఆటపట్టించేవారు.

"ఏం పెద్దాయనా, ఈ ఏడూ ఈడేనా? లోపల దయ్యాలుంటాయని భయమా?"

"నాకంటే పెద్ద దయ్యం ఉందా తల్లీ లోపల," అని ఆయనా నవ్వేవాడు.

కాలేజీలో చదివే రోజుల్లో, నాలుగు పుస్తకాలు చదివిన ధైర్యంతో నేను అమ్మతో వాదన పెట్టుకున్నాను. గేటు బయట కూర్చోబెట్టి క్షమించానంటే ఎలా అని అడిగాను.

"క్షమించింది నిజం. వాడు చచ్చిపోయింది నిజం," అంది. "నేను క్షమించినానని వాడు లేచొచ్చినాడా? నువ్వు చదివినదాంట్లో అట్టా ఏమన్నా ఉంటే చూపించు."

నేను చూపించలేకపోయాను. కాని ఒప్పుకోనూ లేదు. నాయనకు మూత్రపిండాలు చెడిపోయాక ఆమె చేసిన సేవ చూసి కూడా ఒప్పుకోలేదు. వారానికి రెండుసార్లు ఆయనను డయాలిసిస్‌కు తీసుకుపోయేది. పూట పూటకూ మాత్రలు ఆయన అరచేతిలో పోసి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. ఇంత చేసిన మనిషి ఒక్క గేటు తెరవకపోవడం నాకు కొరుకుడు పడేది కాదు. ఆయన పోయిన రోజు నేను కోరుకున్నది ఒక్కటే. ఆయన ఆ గేటు లోపలికి వెళ్ళాలి.

పదకొండు దాటింది. వీధి గుమ్మానికి చిన్నాయన కట్టించిన ఫ్లెక్సీలో నాయన ఫొటో వెనకాల సూర్యాస్తమయం ఉంది, చుట్టూ పావురాలున్నాయి. ఎదురింటి ముసలాయన కుర్చీలో కూర్చుని దాన్ని చాలాసేపు చూశాడు.

"పావురం ఒగటి చాలదా అబ్బోడా? సంతే పెట్టినావే."

"ఫ్లెక్సీవోడు ఉచితంగా వేసినాడు మామా."

"ఈ విశ్వాస వీరుడు అనేది కూడా ఆడే ఉచితంగా వేసినాడా?"

 లోపలి నుంచి అమ్మ వచ్చి, ఫ్లెక్సీ వైపు చూడకుండానే, "ఆ మాట తీసేయమని చెప్పు," అంది. చిన్నాయన ఒక తెల్లకాగితం తెచ్చి ఆ రెండు మాటల మీద అంటించాడు.

అయ్యగారు వచ్చాడు. ఇప్పటి అయ్యగారు చిన్నవాడు, మంచివాడు. చిన్నాయన ఆయనను నేరుగా వంటింట్లోకి తీసుకొచ్చాడు. ఆయన స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా మొదలుపెట్టాడు. బైబిల్లో పాపం చేసిన ఒక రాజు ఉన్నాడమ్మా, ఆయన ఒప్పుకున్నాడు, దేవుడు క్షమించాడు, అయినా బిడ్డ చనిపోయాడు, శిక్ష అక్కడితో...

"ఆ కథ నాకు తెలుసు అయ్యగారూ. క్షమించింది దేవుడు, క్షమించబడింది రాజు. చచ్చింది మాత్రం బిడ్డ. ఆ బిడ్డ తల్లిని, ఏం చేద్దామమ్మా అని అడిగినోళ్ళు ఉండారా దాంట్లో?"

అయ్యగారు తల దించుకున్నాడు. "లేరమ్మా," అన్నాడు. ఆ మాటకు నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

చిన్నాయనకు ఓపిక అయిపోయింది. "అంత మంది ముందర క్షమించినానని చెప్పినావే వదినా! అది ఊరికే నోటిమాటేనా?"

"నేను అబద్ధం చెప్పలా."

"మరి ఇప్పుడేంది ఇది? చచ్చినోడి మీద కోపమా?"

"కోపం లేదు." అమ్మ గొంతు మొదటిసారి పెరిగింది.  "నా బిడ్డ ఎముకలు ఎత్తి, కిందకు తోసి, వాడి మీద ఆయన్ని పండబెట్టాలా? సాక్ష్యం వాడి మీద పెట్టినాడు. నోరు మూయించింది వాడిది. ఇప్పుడు ఒళ్ళు కూడా వాడి మీదేనా? నువ్వు చెప్పు, నేనెట్టా సంతకం పెట్టేది?"

 ఐసు పెట్టె మోటారు ఆగింది. చిన్నాయన గోడ గడియారం చూసి, అక్కడే కింద కూర్చుండిపోయాడు.

అమ్మ నా వైపు తిరిగింది. "ఆస్పత్రిలో ఆఖర్న నువ్వే కదా ఉండింది. మీ నాయన దీని గురించి ఏమన్నా చెప్పినాడా?"

చెప్పాడు. నాకు చెప్పాలని లేదు. చెబితే అమ్మ మాటే గెలుస్తుంది, నాయన మాధవరం దాటి పోతాడు. చెప్పలేదంటే అబద్ధం. ఒక మాట చెప్పనియ్యకుండా ఆపినందుకే మా ఇంట్లో ఇదంతా జరిగింది. ఇంకొకటి ఆపడం నాకు చేతకాలేదు.

"చెప్పినాడమ్మా. ఒకవేళ అమ్మ ఒప్పుకున్నా నన్ను వాడి మీద పెట్టొద్దు పాపా అన్నాడు. నా బరువు వాడి మీద వెయ్యొద్దు అన్నాడు."

"బరువు అన్నాడా?"

"ఆ మాటే అన్నాడు."

అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. హాల్లోకి వెళ్ళి ఐసు పెట్టె పక్కన నిలబడింది. అద్దం మీద నీటి ఆవిరి పట్టి నాయన ముఖం సరిగా కనబడడం లేదు. చేత్తో తుడిచి చూసింది.  తర్వాత చెప్పులు వేసుకుని, "ఆటో పిలువు," అంది నాతో.

తోట ఆఫీసు పక్కన, గుంటలు తవ్వే ఆయన చెట్టు కింద పార పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అమ్మ ఆయనతో తమిళంలో మాట్లాడింది. పాత ఎముకల మూట కిందే పెట్టాలా, పైన పెట్టొచ్చా అని అడిగింది. ఆయనకు ముందు అర్థం కాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. ముందు కొత్త పెట్టె దించాలి, దాని మీద మూట పెట్టాలి, ఆ తర్వాతే మన్ను పోయాలి.

కింద పెట్టడమే వాడుకమ్మా, అన్నాడాయన. పైన పెట్టమని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"నేను అడుగుతా ఉన్నా. చేస్తావా?"

చేస్తానన్నాడు. అమ్మ లోపలికి వెళ్ళి సంతకం పెట్టింది.

సాయంత్రం నాయన ఆ గేటు దాటాడు. పూలమ్మే ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. దయ్యాల పేరుతో ఆటపట్టించిన ఆమె ఒక మూర మల్లెపూలు పెట్టె మీద వేసింది.

గుంట పక్కన, తీసిన మట్టి కుప్ప మీద తెల్లగుడ్డ మూట ఉంది. నేను అనుకున్నదానికంటే చాలా చిన్నది. అమ్మ వెళ్ళి దాన్ని రెండు చేతుల మీదికి తీసుకుంది. విప్పలేదు. తాళ్ళతో పెట్టె దించుతున్నంతసేపూ అలాగే పట్టుకుని నిలబడింది. చిన్నాయన తనకిమ్మని చేతులు చాపాడు. ఇవ్వలేదు.

పెట్టె అడుగుకు చేరింది. తాళ్ళు పైకి లాగారు. తవ్విన ఆయన గుంటలో ఒక అంచున కాళ్ళు ఆన్చి నిలబడి చేతులు పైకి చాపాడు. అమ్మ గుంట ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని మూట అందించింది. ఆమె జారకుండా నేను భుజాలు పట్టుకున్నాను. ఎక్కడ పెట్టమంటారు అని అడిగాడాయన.

"రొమ్ము మీద."

ఆయన మూటను పెట్టె మూత మీద, నాయన రొమ్ము ఉండేచోట పెట్టాడు. అమ్మ ఒంగి కిందికి చూసింది. ఇంట్లో ఏదో సామాను అందిస్తున్నప్పుడు పలికే గొంతుతోనే అంది.

"పట్టుకోయ్యా."

"ఏమంటా ఉంది?" అని చిన్నాయన నా చెవి దగ్గర అడిగాడు. మెట్లు దిగిన పొద్దున ఆయన అక్కడ లేడు.  అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టాడు. అమ్మ మొదటి పిడికెడు మన్ను వేసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చిన్నాయన కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు, "మొత్తానికి అన్నని లోపలికి రానిచ్చినావు వదినా. ఇప్పుడు మనసు తేలికైందా?"

"తేలికేముంది దీంట్లో. అప్పుడు నేను మోసినా. ఇంక ఆయన మోస్తాడు." బయటికి చూస్తూ "అడిగింది కూడా అంతే నేను, ఆ పొద్దు," అంది.

అది శిక్షో, నమ్మి అప్పగించడమో నేను అడగలేదు. రెంటికీ ఆమె ఒకే మాట వాడిందేమో. నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంట్లో ఐసు పెట్టె తీసుకుపోయారు. అది ఉన్నచోట నేల తడిగా ఉంది. పక్కింటివాళ్ళు తెచ్చిన ఉప్మా ఎవరూ ముట్టలేదు. దీపం పెట్టే వేళకు అమ్మ అలమరలోంచి మాత్రల డబ్బా తీసి, సాయంత్రం మాత్రలు అరచేతిలో పోసుకుని, గ్లాసులో నీళ్ళు పట్టుకుని హాల్లోకి వచ్చింది. నాయన కుర్చీ ముందు ఆగింది. కొంతసేపు అలాగే నిలబడి, మాత్రలు ఒక్కొక్కటీ మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టింది. నీళ్ళు తను తాగింది.